చేదుకో కోటయ్యా!

మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఏడాదికొకసారి క్రిస్మసు సెలవులకు భార్యనూ, పదేళ్ళ కొడుకునూ వెంటబెట్టుకుని హైదరాబాదు వస్తాడు. వచ్చిన మర్నాడు కాఫీ తాగుతూ ఫోనులో బొమ్మలు చూపించడం వాడి ఆనవాయితీ. మొన్న వచ్చినప్పుడు చూపించినవి ఇటలీ దేశపు బొమ్మలు. వేసవి సెలవుల్లో డేరా ఒకటి కారులో పడేసుకుని టస్కనీ అనే సీమలో పది రోజులు తిరిగారట. అక్కడ ప్రతి కొండనెత్తినా ఒక ఊరు. పియెంజా అట, మోంటెపుల్చానో అట. రాతి గోడలు, ఇరుకు సందులు, గుడి గంటలు. ఇక కొండ దిగితే వేడినీళ్ళ బుగ్గలున్న ఊళ్ళు. బాగ్నో విన్యోని అనే ఊళ్ళో అయితే ఊరి నడిబొడ్డున చావడి ఉండవలసిన చోట పెద్ద కోనేరు ఉంది. భూమిలోంచి ఉబికే వేడినీళ్ళు అందులో నిండి ఉంటాయి. చలికాలం పొద్దున్నే ఊరంతా ఆవిరి కమ్ముకుంటుందట.

"తాతయ్యా, మీ ఊళ్ళో కొండ ఉందా?" అని అడిగాడు మనవడు.

"మా ఊళ్ళో ఏముందిరా, రాళ్ళు" అన్నాను, అలవాటు ప్రకారం.

నిజంగా అది అలవాటే. మాది నకరికల్లు. పిడుగురాళ్ళనుంచి నరసరావుపేట వెళ్ళే దారిలో ఉంటుంది. చదువుకునే రోజుల్లో ఊరి పేరు చెబితే పట్నం స్నేహితులు చివరి రెండక్షరాల దగ్గర ఆగి నవ్వేవాళ్ళు. దాంతో "నరసరావుపేట దగ్గర" అని చెప్పి ఊరుకోవడం నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరాక "గుంటూరు జిల్లా" అన్నాను. 2022 ఏప్రిల్ 4న మాకు నరసరావుపేట ముఖ్యపట్టణంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. అప్పటికి నేను ఉద్యోగం విరమించి చాలా కాలమైంది. ఎక్కడివాడివని అడిగేవాళ్ళు కూడా లేరు.

కాని మనవడు వదలలేదు. "రాళ్ళంటే ఎలాంటి రాళ్ళు?" అన్నాడు. వాళ్ళ నాన్న కలగజేసుకుని, "డేరా నా పెట్టెలోనే ఉంది నాన్నా. అయిదు రోజులు తిరిగొద్దాం. మీ ఊరు నేను సరిగ్గా మూడుసార్లు చూశాను. మూడుసార్లూ పెళ్ళిళ్ళకే" అన్నాడు. ఆ మాట నాకు చురుక్కుమంది. ఏడు సీట్ల కారొకటి మాట్లాడుకుని బయలుదేరాం.

* * *

ఊళ్ళో మా అక్క ఉంది. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. డెబ్బై ఆరేళ్ళు నిండాయి. బావగారు పోయిన తరవాత కూడా ఆ ఇల్లూ, ఆ నాలుగెకరాలూ వదలకుండా ఒంటరిగా నెట్టుకొస్తోంది. మేం డేరా సంగతి చెప్పగానే, "ఇంట్లో నాలుగు గదులు పెట్టుకుని కళ్ళంలో పడుకోవడమేమిట్రా తమ్ముడూ, జనం నన్ను చూసి నవ్విపోరూ?" అంది. కాని మనవడి ముఖం చూసి మెత్తబడి, పొలం దగ్గర కళ్ళం ఊడిపించి కళ్ళాపి చల్లించింది.

డేరా పది నిమిషాల్లో లేచింది. లోపల పరవడానికి గాలి పరుపులు తెచ్చాడు మావాడు. జర్మనీలో మంచుమీద పరిచినా తట్టుకుంటాయట. పల్నాటి తుమ్మముల్లు సంగతి ఆ కంపెనీవారికి ఎవరూ చెప్పినట్టు లేదు. రాత్రి తొమ్మిది గంటలకు మొదటి పరుపు బుస్సుమంది. తొమ్మిదిన్నరకు రెండోది. పది గంటలకు అక్క ఇద్దరు పాలేళ్ళ చేత నులకమంచాలు మోయించుకుని వచ్చింది. ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువగా ఉంది.

ఆ రాత్రి కళ్ళంలో తిన్న భోజనం గురించి చెప్పాలి. పొయ్యిమీద కాల్చిన జొన్నరొట్టెలు, గోంగూర పప్పు, కొత్త పండుమిరప పచ్చడి, గడ్డపెరుగు. శ్రీనాథ మహాకవి పల్నాడు వచ్చి సన్నన్నం దొరక్క జొన్నకూటిమీద విసుక్కుంటూ చాటువులు చెప్పాడని అందరికీ తెలిసిందే. ఆరువందల ఏళ్ళుగా ఆ పద్యాలు చెప్పుకుని మమ్మల్ని చూసి నవ్వుతున్నారు. మా కోడలు మూడు రొట్టెలు తిని నాలుగోదానికి చెయ్యి చాచినప్పుడు, కవిసార్వభౌముడికి పండుమిరప పచ్చడి రుచి చూపించినవాళ్ళు లేకపోయారు కాబోలుననిపించింది. మిరప ఈ దేశానికి వచ్చింది ఆయన పోయిన తరవాత కదా!

కళ్ళానికి దూరంగా సాగరు కుడికాలువ. 203 కిలోమీటర్ల పొడుగున్న ఆ కాలువ మా ఊరి దగ్గరినుంచే పోతుంది. నా చిన్నతనంలో అది లేదు. మా అమ్మ రెండు బిందెలు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని నీళ్ళకు పోయిన దారి ఈ కళ్ళం పక్కనుంచే. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ సాగరు కాలువలకు నీళ్ళు వదిలిన నాటికి అమ్మ లేదు. పోయి ఏడాది దాటింది.

* * *

మర్నాడు చేజర్ల వెళ్ళాం. మా మండలంలోని ఊరే. అయినా నేను చూడ్డం అదే మొదటిసారి అంటే మీరు నమ్మాలి. రోమునగరంలో శిథిలాలు చూడ్డానికి విమానం ఎక్కినవాణ్ణి, ఇంటి పక్కనున్న కపోతేశ్వరుడి గుడి చూడలేదు.

చిన్న గుడి. కాని మన గుళ్ళలా ఉండదు. గర్భగుడి వెనకభాగం గుండ్రంగా, పైకప్పు పడుకున్న ఏనుగు వీపులా ఉంటుంది. దీన్ని గజపృష్ఠ మంటారు. ఇటుకతో కట్టిన ఇలాంటి పాతకాలపు కట్టడాలు దేశంలో నిలిచి ఉన్నవి బహు తక్కువ. మహారాష్ట్రలో తేర్ అనే ఊళ్ళో ఒకటి ఉంది. మొదట్లో ఇది బౌద్ధుల చైత్యమనీ, తరవాత శివాలయంగా మారిందనీ చాలామంది పండితుల అభిప్రాయం. ఆవరణ నిండా చిన్న చిన్న రాతి గుళ్ళు, శాసనాలు. పురావస్తుశాఖవారి రక్షణలో ఉంది.

అక్క ఆ ఉదయం, "మీరు వెళ్ళిరండి, నాకు గేదెల పని ఉంది" అంటూనే కారెక్కి కూచుంది. గుళ్ళో మనవణ్ణి దగ్గర కూచోబెట్టుకుని శిబి చక్రవర్తి కథ చెప్పింది. డేగ తరుముకొస్తే పావురం వచ్చి రాజు ఒళ్ళో వాలడం, పావురమెత్తు మాంసం ఇస్తానని రాజు తన ఒంటి కండ కోసి తక్కెటలో వెయ్యడం, ఎంత వేసినా పావురం వైపే మొగ్గడం. కడకు ఆయనే తక్కెటలో కూచున్నాడు. ఆ కండలు కోసిన గుర్తులే లింగంమీది గుంటలని ఇక్కడివాళ్ళ నమ్మకం. ఈ కథ బౌద్ధుల జాతకకథల్లోనూ ఉంది, భారతంలోనూ ఉంది. నాగార్జునకొండ శిల్పులు కూడా దీన్ని రాతిలో చెక్కారు. మతాలు మారినా, గుడి చేతులు మారినా, పావురం మాత్రం ఎగిరిపోలేదన్నమాట.

"రాజుకి నొప్పి పుట్టలేదా అమ్మమ్మా?" అన్నాడు మనవడు.

"పుట్టకేం నాయనా! చెప్పుకోలేదంతే."

అక్క ఆ మాట మామూలుగానే అంది. నేను మాత్రం గుడి బయటికి వచ్చి నిలబడ్డాను. అమ్మ పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. అక్కకు అప్పుడే పెళ్ళయింది, అత్తవారిల్లు ఊళ్ళోనే. నాన్నకు ఇల్లు పట్టేది కాదు. నన్ను తన ఇంటికి తీసుకుపోయి, అత్తగారి మాటలు పడి, పదో తరగతి దాకా అన్నం పెట్టింది అక్కే. కాలేజీలో చేరేటప్పుడు ఆమె మెళ్ళో కాసులపేరు కనిపించకుండా పోయింది. "పాత మోడలని మార్పిద్దామని కంసాలికిచ్చాను" అంది. యాభై ఏళ్ళయింది. ఆ కంసాలి ఇంకా మార్చి ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

* * *

మూడోనాడు పొద్దున్నే గుత్తికొండ బిలానికి బయలుదేరాం. మా అబ్బాయి అడిగిన "నీళ్ళ ఊరు"కు మా పల్నాట్లో దగ్గరి బంధువు ఇదే. వేడినీళ్ళ బుగ్గలు కావాలంటే భద్రాచలం దగ్గర గుండాలకు వెళ్ళాలి. అక్కడ గోదావరి ఇసకలో చెలమ తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి. తేటనీళ్ళు కావాలంటే మహానంది కోనేరు. మా నేలకింద ఉన్నది సున్నపురాయి. వానచినుకు ఆ రాతిలోకి ఇంకి, లక్షల ఏళ్ళపాటు కొంచెం కొంచెంగా కరిగించి గుహలు తొలుస్తుంది. ఆ సున్నపురాతి మీదనే పిడుగురాళ్ళ బట్టీలు బతుకుతున్నాయి, గుత్తికొండ దేవుడూ వెలిశాడు.

బయట అడవి కొండ, ఎండ, ముళ్ళపొదలు. బిలంలో అడుగు పెడితే లోకమే వేరు. ఉక్క. తడి. గబ్బిలాల వాసన. దీపం వెలుగు పడినంతమేర రాయి చెమటపట్టి మెరుస్తుంది. వంగి వంగి లోపలికి పోతే చీకట్లో కదలని నీళ్ళు. చేత్తో తాకితే తప్ప నీరని తెలియనంత తేట. తొలి ఏకాదశికి వేలమంది వచ్చి ఇక్కడ స్నానం చేస్తారు. కాలయవనుణ్ణి కంటిచూపుతో భస్మం చేసిన ముచుకుందుడు నిద్రపోయిన గుహ ఇదేనంటారు. పల్నాటి యుద్ధం ముగిసి, కొడుకు బాలచంద్రుడితో సహా అందరినీ పోగొట్టుకున్న బ్రహ్మనాయుడు చివరికి ఈ బిలంలోకే వెళ్ళిపోయాడని ప్రతీతి.

మనవడు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, "తాతయ్యా, ఇటలీలో నీళ్ళకి టిక్కెట్టు కొన్నాం. ఇక్కడ అమ్మమ్మ దోసిట్లో పోస్తోంది" అన్నాడు. వాడి తలమీద మూడు దోసిళ్ళు పోసి, నావైపు తిరిగి, "నువ్వూ వంచరా తల" అంది అక్క. అరవై ఎనిమిదేళ్ళ తల వంచాను. నీళ్ళు వెచ్చగా లేవు, చల్లగానూ లేవు. మనిషి ఒంటి వేడిమిలా ఉన్నాయి.

వెళ్ళదలచినవారికి ఒక మాట. లోపల గాలి తక్కువ. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవాళ్ళు గుమ్మం దగ్గరే దండం పెట్టుకోవడం మేలు. దారి తెలిసినవాళ్ళు లేకుండా లోతుకు పోకూడదు. మా ఆవిడ గుమ్మం దగ్గరే ఉండి మా చెప్పులు కాపలా కాసింది. పుణ్యంలో సగం తనదేనని ఇప్పటికీ వాదిస్తోంది.

* * *

మధ్యాహ్నం కారెంపూడిలో ఆగాం. నాగులేటి ఒడ్డున పన్నెండో శతాబ్దంలో అన్నదమ్ములు కొట్టుకుని చచ్చిన రణరంగం ఇది. కోడిపందెంలో మొదలైన కక్ష సీమనంతా కాల్చింది. కార్తీక అమావాస్యనుంచి అయిదు రోజులు వీరుల తిరునాళ్ళ. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుకో పేరు. వీరుల ఆయుధాలను ఏటిలో కడిగి పూజిస్తారు. మందపోరునాడు చాపకూడు. కులభేదం లేకుండా అందరూ ఒకే చాపమీద కూచుని తినాలని బ్రహ్మనాయుడు పెట్టిన పద్ధతి అని చెబుతారు. యుద్ధాలు చేసినవాళ్ళను దేశమంతటా పూజిస్తారు. అన్నం పంచిన సంగతి కూడా పండగగా గుర్తుపెట్టుకోవడం మావాళ్ళ గొప్ప.

మాచర్లలో చెన్నకేశవుణ్ణి దర్శించుకుని, పొద్దువాలుతుండగా ఎత్తిపోతల చేరాం. అడవిలో ఎక్కడ పడితే అక్కడ డేరా వేయనివ్వరు, వేయకూడదు కూడా. తెలిసినవారి తోటలో అనుమతి అడిగి వేసుకున్నాం. ఈసారి కింద ముందుగా గోనెపట్టాలు పరిచాం. అనుభవం ఊరికే పోదు.

ఎత్తిపోతల చంద్రవంక వాగుమీది జలపాతం. డెబ్బై అడుగుల ఎత్తునుంచి దూకి, కాస్త దూరం పోయి కృష్ణలో కలుస్తుంది. మైళ్ళతరబడి ఎండిన కొండలమధ్య నడిచివచ్చిన మనిషికి ఒక్కసారిగా ఆ తెల్లని నీటిధార కనిపిస్తే గుండె ఆగినంత పనవుతుంది. యతులు తపస్సు చేసిన తలం కనుక "యతి తపో తల" అన్న పేరే ఇలా అయిందని కొందరంటారు. కింద దత్తాత్రేయుడి గుడి. లంబాడీ సోదరులకు ఈ స్వామి ఇలవేల్పులాంటివాడు. తిరునాళ్ళకు తండాలకు తండాలు తరలివస్తాయి. మడుగు చూడగానే మనవడు చొక్కా విప్పబోయాడు. మొసళ్ళు పెంచే చోటు అదేనని చెప్పగానే మళ్ళీ బొత్తాలు పెట్టుకున్నాడు.

నాలుగోరోజు విజయపురి సౌత్ నుంచి లాంచీ ఎక్కి నాగార్జునకొండకు. శుక్రవారం సెలవు, గుర్తుంచుకోండి. ఇది పూర్వం నీటిమధ్య దీవి కాదు, లోయ పక్కనున్న కొండ. లోయలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. మూడు నాలుగు శతాబ్దాలనాటి మాట. 1926లో శిథిలాలు బయటపడ్డాయి. ఆనకట్ట కడితే లోయ మునుగుతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండమీదికీ, అనుపుకూ చేర్చారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు పునాదిరాయి వేశాడు. 1966లో కొండమీద మ్యూజియం తెరిచారు. ఇక్ష్వాకులనాటి స్నానఘట్టం కూడా అక్కడ తిరిగి పేర్చారు. పలకల్లా నునుపైన మెట్లు. పదిహేడువందల ఏళ్ళ కిందట ఎవరి కాళ్ళు తడిసిన మెట్లో!

అక్క ఆ మెట్లమీద కూచుని నీళ్ళవైపు చూస్తూ, "ఈ నీళ్ళకోసం ఇంత ఊరు ముంచారన్నమాట" అంది. కాసేపాగి, "ఈ నీళ్ళు రెండేళ్ళు ముందొస్తే అమ్మకు బిందెలు మోసే పని తప్పేది" అంది. దేశం ఏమిచ్చిందో ఏం పుచ్చుకుందో రెండు మాటల్లో చెప్పింది. నేను ఏమీ అనలేకపోయాను.

లాంచీలో తిరిగి వస్తూ అడిగింది: "రేపు కోటప్పకొండకేనా?"

"కొండవీడు కూడా అనుకుంటున్నాం. రెడ్డిరాజుల కోట. కొండమీద మూడు చెరువులున్నాయట. 1515లో కృష్ణదేవరాయలు..."

"కోట ఎక్కడికీ పోదు. కోటయ్య బాకీ ఒకటుంది" అంది.

* * *

కోటప్పకొండ నరసరావుపేటకు దగ్గర్లోనే. ఎటునుంచి చూసినా మూడు శిఖరాలు కనిపిస్తాయి కనుక త్రికూటాచలం. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వెదుళ్ళతో ఆకాశమంత ప్రభలు కట్టి, రంగుకాగితాలూ దీపాలూ అలంకరించి లాక్కొస్తారు. రాత్రివేళ ఆ ప్రభలు వరసగా నిలబడితే కొండకింద ఇంకో ఊరు లేచి నిలబడినట్టుంటుంది. మేం వెళ్ళినప్పుడు ఆ సందడి లేదు. డిసెంబరు పొద్దుటి మంచు, పత్తిచేల వాసన, మెట్లమీద నలుగురు భక్తులు.

కొండమీదికి ఘాటు రోడ్డు ఉంది. కారు పైదాకా పోతుంది. అందరూ కారెక్కారు. నేను కూడా ఎక్కబోతుంటే అక్క తలుపు పట్టుకుని ఆపింది.

"నువ్వు మెట్లెక్కు."

"నా మోకాళ్ళు..."

"నా మోకాళ్ళయితే మొక్కుబడి పనికిరాదురా. నీ కాళ్ళతోటే ఎక్కాలి."

అప్పుడు చెప్పింది. ఎనిమిదో ఏట నాకు విషజ్వరం వచ్చింది. ఇరవై రోజులు. నరసరావుపేట డాక్టరు కూడా పెదవి విరిచాడట. అమ్మ పసుపుగుడ్డలో రూపాయి ముడుపు కట్టి, "కోటయ్యా, వీడు బతికితే వాడి కాళ్ళమీద వాణ్ణి నీ కొండ ఎక్కిస్తాను" అని మొక్కుకుంది. నేను లేచాను. ఆ వేసవి దాటకుండా అమ్మ పడుకుంది, మళ్ళీ లేవలేదు. పోయేముందు ముడుపు అక్క చేతిలో పెట్టిందట.

"అరవై ఏళ్ళయింది. నాకు ఒక్కసారైనా చెప్పలేదేం?"

"ఎప్పుడు చెప్పను? వచ్చినప్పుడల్లా తిరుగు బస్సు ఎన్నింటికని అడిగేవాడివి."

నిష్ఠూరంగా అనలేదు. బస్సు టైము చెప్పినట్టే చెప్పింది. కారు కదిలిపోయింది. మనవడు మాత్రం దూకి నాతో నడుస్తానన్నాడు.

మెట్లు ఎక్కాం. ఎక్కాం అనడం సులువే. ఇరవై మెట్లకొకసారి ఆగాను. తరవాత పదికి. దారిలో గొల్లభామ కథ చెప్పమన్నాడు మనవడు. ఆనందవల్లి అనే గొల్లపిల్ల శివుడికి రోజూ కొండెక్కి సేవ చేసేది. ఇక ఎక్కలేను స్వామీ, నువ్వే మా ఇంటికి రమ్మంది. వస్తాను, వెనక్కి తిరిగి చూడకుండా నడువన్నాడు. నడిచింది. వెనక కొండ అదిరే చప్పుడు విని ఉండబట్టలేక తిరిగి చూసింది. స్వామి అక్కడే గుహలో ఆగి లింగమైపోయాడు. ఆమె నీళ్ళు ఒలికించిన కాకిని శపించింది కనుక ఈ కొండమీద కాకి వాలదంటారు. మనవడు పైదాకా కాకికోసం వెతికాడు.

"వెనక్కి చూడ్డం తప్పా తాతయ్యా?" అన్నాడు.

"ఆవిడ చూసింది కనకే దేవుడు ఇక్కడ ఆగాడు కదరా. లేకపోతే మనకు ఈ గుడి ఎక్కడిది?" అన్నాను. చెప్పిన తరవాత, ఆ జవాబు నాకే కాస్త ఊరట కలిగించింది. నేనైతే నలభై ఏళ్ళు తిరిగి చూడకుండానే నడిచాను. నా వెనక వస్తున్నదెవరో ఇప్పుడు తెలిసింది.

మధ్యలో ఒకచోట ఊపిరాడక కూలబడ్డాను. మాకంటే ముందు ఎక్కుతున్న ముసలాయన వెనుదిరిగి, "చేదుకో కోటయ్యా అను బాబూ, అదే ఎక్కిస్తుంది" అన్నాడు. చిన్నప్పుడు వెయ్యిసార్లు విన్న మాటే. అర్థం ఆ రోజే తట్టింది. చేదుకోవడమంటే నీళ్ళు తోడుకోవడం. నూతిలో పడ్డ చేదను తాడుతో పైకి లాగినట్టు నన్ను లాగు తండ్రీ అని అడగడం. నీళ్ళకోసం పాతాళందాకా తాడు వదిలిన సీమవాళ్ళు తప్ప దేవుణ్ణి ఇలా అడగడం ఎవరికి తోస్తుంది? అమ్మ ఎన్ని చేదలు తోడిందో! అక్క నన్ను ఎంత లోతులోంచి లాగిందో!

"చేదుకో కోటయ్యా" అన్నాను. మనవడు జర్మను యాసతో అందుకున్నాడు. పై మెట్టు దగ్గర అక్క కర్ర పట్టుకుని నిలబడి ఉంది. గంటన్నర నిలబడే ఉందట. మా ఆవిడ కూచోమన్నా కూచోలేదట.

కొంగు ముడి విప్పి ముడుపు నా చేతిలో పెట్టింది. పసుపు ఎప్పుడో వెలిసిపోయింది. గుడ్డ మడతల దగ్గర చిరిగింది. అక్క దానిమీద మరో గుడ్డ చుట్టి కుట్టింది, ఆ తరవాత ఇంకొకటి. మూడు పొరల లోపల ఒక పాత రూపాయి.

హుండీలో వేశాను. టంగుమని చిన్న చప్పుడు. నాకు మాట రాలేదు. చివరికి, "అక్కా, ఆ కాసులపేరు..." అన్నాను.

"ఇప్పుడెందుకురా అది?" అని అక్క కొబ్బరిచిప్ప మనవడి చేతిలో పెట్టింది. "వాడికి ఆకలేస్తోంది చూడు."

* * *

తిరుగు ప్రయాణంనాడు అక్క కారుదాకా వచ్చింది. డేరా ఆమె దగ్గరే వదిలిపెట్టాం. మిరపకాయలు ఆరబోసినప్పుడు కల్లంలో కాపలాకు పనికొస్తుందట. శివరాత్రికి మళ్ళీ వస్తానన్నాను. కొండవీడు మిగిలే ఉంది, దైద బిలం మిగిలే ఉంది, అన్నిటికంటే ముందు మంగళగిరి కంసాలి వీధిలోనో గుంటూరులోనో చేయించవలసిన వస్తువొకటి ఉంది. వద్దంటుందని తెలుసు. శిబి చక్రవర్తి కథలో తక్కెట ఎప్పటికీ సమం కాదని కూడా తెలుసు.

ఈ వ్యాసం చదివి పల్నాడు వెళ్ళేవారు చలికాలంలో వెళ్ళండి. ఎండాకాలం రెంటచింతల ఎండలు పత్రికలకెక్కుతాయి. నీళ్ళు వెంట తీసుకెళ్ళండి. గాలి పరుపులు తీసుకెళ్ళకండి. మీ ఊరు కూడా అక్కడే అయితే, తిరుగు బస్సు ఎన్నింటికని మాత్రం అడగకండి.

కారు రోడ్డెక్కుతుంటే మనవడు వెనక అద్దంలోంచి చెయ్యూపుతూనే ఉన్నాడు. దారిలో ఎవరో పెట్రోలు బంకులో, "ఏ ఊరండీ మీది?" అని అడిగారు.

"నకరికల్లు" అన్నాను.